సుందరమ్మ లై గిన్నె

సుందరమ్మ గురించి చెప్పమంటే ముందు ఆమె లై గిన్నె గురించి చెప్పాలి. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో, కింద దర్జీ దుకాణం, పైన రెండు గదులు, గదుల ముందు కాస్త ఖాళీ మిద్దె ఉన్న ఇంట్లో ఆమె కాపురం. వంటగదిలో గిన్నెలన్నీ తళతళలాడుతుంటాయి, ఒక్కటి తప్ప. అంచు సొట్టపోయి, అడుగు నల్లబడి, ఎంత తోమినా లోపలి తెల్లటి పొర వదలని ఆ గిన్నెలో ఆమె జీవితమంతా మైదాపిండి ఉడికిస్తూనే ఉంది. తినడానికి కాదు, అతికించడానికి. చన్నీళ్లలో పిండి ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద గరిటె ఆపకుండా తిప్పితే చిక్కటి జిగురు తయారవుతుంది. బస్తీలో దాన్ని లై అంటారు. పతంగులు చేసేవాళ్లకూ, గోడలకు పోస్టర్లు అంటించేవాళ్లకూ అది లేనిదే పని నడవదు. సుందరమ్మకైతే అది లేనిదే బతుకే నడవలేదు.

చర్చివాళ్లు నడిపే చిన్నపిల్లల బడిలో ఆమె ఆయాగా చేరేనాటికి కొడుకు జోయెల్ ఇంకా పుట్టలేదు. బడిలో అక్షరాలు నేర్పడం టీచర్ల పని. ముక్కులు తుడవడం, లాగుల బొత్తాలు పెట్టడం, ఏడ్చేవాళ్లను చంకనేసుకోవడం ఆయా పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు నిద్రపోకుండా లొల్లి చేస్తే టీచర్లు కూడా చేతులెత్తేసి ఆమెకే వదిలేసేవాళ్లు. అప్పుడు లై గిన్నె బయటికొచ్చేది. అగ్గిపెట్టెలు ఒకదాని వెనక ఒకటి అతికిస్తే రైలయ్యేది. అట్టముక్క మీద చేపను గీసి, దాని ఒంటి నిండా చింతగింజలు అంటించేవాళ్లు. పాత క్యాలెండర్ కాగితాలు గులాబీలయ్యేవి, బస్సు టికెట్లు దండలయ్యేవి. పిల్లలు సగం లై కాగితానికి పూసి, మిగతా సగం నాకేసేవాళ్లు. ఉప్పు తక్కువైందని చెప్పిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు. అతను ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, ఎదురైతే వంగి నమస్తే పెడతాడు. సుందరమ్మకు మాత్రం అతని టై కనిపించదు, గడ్డానికి అంటుకున్న లై కనిపిస్తుంది.

బడిలో చేయించినవన్నీ సాయంత్రం ఇంట్లో జోయెల్‌తోనూ, కూతురు రచనతోనూ మళ్లీ చేయించేది. రచన ఒకసారి పని మధ్యలోనే నిద్రపోయి, తెల్లారి లేచేసరికి చెంపకు ఎర్ర కాగితం అతుక్కుని ఉంది. అది ఊడదీయడానికి వేణ్నీళ్లు కాయాల్సి వచ్చింది. ఆ రచన ఇప్పుడు కాజీపేటలో కాపురం చేసుకుంటూ తన పిల్లలకు లై కాచిపెడుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా, అమ్మా, నాకు నీ అంత చిక్కగా రావడం లేదు అంటుంది. ఆ మాట వినడం సుందరమ్మకు ఇష్టం. అందుకే గరిటె ఎప్పుడు ఆపాలో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఇక ఆమె మొగుడు ఆగయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. దేవుడు ఆగయ్యకు అన్నీ మామూలుగానే ఇచ్చి, గొంతు దగ్గర మాత్రం చెయ్యి జారి ఎక్కువ ఒంపేశాడు. పట్టాల మీద పనిచేసేటప్పుడు రైలు వస్తోందని మేస్త్రీ విజిల్ నోట్లో పెట్టుకునేలోపే ఆగయ్య కేక వేసేవాడు, అందరూ పక్కకు తప్పుకునేవాళ్లు. డ్యూటీ దిగి ఇంటికొస్తూ గల్లీ మొదట్లోనే “సుందరా” అని పిలిచేవాడు, చాయ్ నీళ్లు పెట్టమని. సుందరమ్మ నీళ్లు పెట్టేది. ఆ కేక విని, వేళయిందని పక్కింటి లలితమ్మ కూడా తన పొయ్యి మీద నీళ్లు పెట్టుకునేది. లలితమ్మ ఇంట్లో గడియారం ఆగిపోయి ఏళ్లయినా బాగు చేయించలేదు.

చర్చిలో సంగతి ఇంకా ఘోరం. పాట కన్నా ఒకడుగు వెనక, అందరి గొంతుల కన్నా రెండడుగులు పైన ఉండేవాడు ఆగయ్య. అయ్యగారు ప్రార్థన ముగించగానే అతని ఆమెన్‌కు ముందు వరసలో కునుకుతున్నవాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు. సుందరమ్మకు తల కొట్టేసినట్టుండేది. పక్కనుంచి అతని మోచెయ్యి గిల్లి, మెల్లగ, జోయెల్ బాపూ, మెల్లగ అని గొణిగేది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అతనితో ఎక్కువసార్లు అన్న మాట అదే.

పట్నంలో పతంగుల కాలమూ, క్రిస్మస్ పండగా కలిసే వస్తాయి. డిసెంబర్ చలిగాలి మొదలవగానే మిద్దెలన్నీ పిల్లలతో నిండిపోతాయి. ఆగయ్య చిన్నప్పుడు శాలిబండలో సత్తార్ భాయ్ పతంగుల దుకాణంలో కూర్చుని పెరిగాడు. వెదురు చీల్చడం, కాగితం కోయడం, కన్నెలు కట్టడం అక్కడే నేర్చుకున్నాడు. కన్నెలంటే పతంగికి రెండుచోట్ల పొడిచి కట్టే దారాలు. అవి కుదిరితేనే పతంగి గాలికి నిలబడి పైకి లేస్తుంది. ఇంకొకరి గాజుపొడి పూసిన మాంజా తగిలి దారం తెగి, పతంగి ఊగుకుంటూ దిక్కు లేకుండా పోతుంటే చుట్టూ ఉన్న మిద్దెల మీద అందరూ ఒక్కసారే “అఫా” అని అరుస్తారు. తెగ్గొట్టినవాడు అరుస్తాడు, చూసేవాడు అరుస్తాడు, దమ్మున్నవాడైతే పోగొట్టుకున్నవాడు కూడా అరుస్తాడు. ఆగయ్య అఫా అంటే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూస్తున్నవాళ్లు తలెత్తి ఆకాశంలోకి చూసేవాళ్లు.

ఆ ఇంట్లో క్రిస్మస్ స్టార్ కూడా పతంగి వెదురుతో, పతంగి కాగితంతోనే తయారయ్యేది. ఆగయ్య చాప మీద కూర్చుని, వెదురు పుల్లను ఎడమ కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, సన్నగా చీల్చేవాడు. ఒకే కొలతలో రెండు చుక్కలు కట్టి, మధ్యలో బల్బుకు జాగా వదిలి జత చేసేవాడు. జోయెల్ అంచులకు లై పూసేవాడు, రచన కింది కుచ్చులు కత్తిరించేది. ఇల్లంతా లై వాసన, పచ్చి వెదురు వాసన. చలికి గచ్చు జిల్లుమంటున్నా ఎవరూ లేచి దుప్పటి తెచ్చుకునేవాళ్లు కాదు, ఎక్కడ తమ వంతు పని ఇంకొకరు చేసేస్తారోనని. స్టార్ ఎవరు చేశారని గల్లీలో అడిగితే ఆగయ్య అని చెప్పేవాళ్లు. లై ఎవరు కాచారని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగాలనుకోలేదు. తండ్రీ పిల్లలూ మిద్దె మీద స్టార్ కట్టే వేళకు ఆమె లోపల గిన్నె నానబెట్టి గీకుతూ ఉండేది. అందుకే అన్నేళ్లలో దాన్ని గుంజకు ఎలా కడతారో ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

జోయెల్ పెద్దవాడై బస్సు డిపోలో మెకానిక్ అయ్యాడు. సుజనను పెళ్లి చేసుకున్నాడు. సుజన రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. వాళ్లకు స్రవ్య, నందు పుట్టారు. లై పూసే పని స్రవ్యకు, నాకే పని నందుకు వచ్చాయి. తాత మాత్రం మారలేదు, ఆ గొంతూ మారలేదు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున చాయ్ గ్లాసు ఆగయ్య చేతిలోంచి జారి పడింది. చూసుకుని పట్టుకోవద్దా అని సుందరమ్మ విసుక్కుంది. అతను గ్లాసు వైపు కాకుండా తన చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు. జోయెల్ ఆటో తెచ్చి దవాఖానకు తీసుకుపోయాడు. పక్షవాతం అన్నారు. వారాలు గడిచాక కాలు కొంత మాట విన్నది, చెయ్యి అంతంతమాత్రం. నోరు మాత్రం ఒక్క అక్షరం పలకలేదు. అతనికి అన్నీ అర్థమవుతున్నాయి, మాట బయటికొచ్చే దారే మూసుకుపోయింది అని డాక్టరు చెప్పాడు. మీరు మాట్లాడుతూ ఉండండి, తొందర పెట్టకండి, ఏ మాట ఎప్పుడొస్తుందో మేం కూడా చెప్పలేం అన్నాడు.

అప్పటి నుంచి సుందరమ్మ నోరు మూయలేదు. కూరలో ఏమేసిందో చెప్పేది, ఏ రైలు ఎంత ఆలస్యమైందో చెప్పేది, చర్చిలో ఎవరు కొత్త చీర కట్టారో చెప్పేది. ఆగయ్య గోడకానుకుని మంచం మీద కూర్చుని వినేవాడు. కింద కుట్టుమిషన్లు, గల్లీలో ఆటోలు, దూరంగా రైళ్లు అన్నీ మోగుతూనే ఉన్నా ఆ ఇల్లు ఆమెకు మూగబోయినట్టే ఉండేది. లలితమ్మ ఒకరోజు వచ్చి, చాయ్ వేళ ఎప్పుడో తెలుస్తలేదక్కా అని కళ్లొత్తుకుంది. సుందరమ్మ ప్రార్థనలో ఇంకేమీ అడగడం మానేసింది. ఒక్క మాట ఇయ్యి తండ్రీ, ఏ మాటైనా సరే, నన్ను తిట్టినా సరే అని అడిగేది.

డిసెంబర్ వచ్చింది. స్టార్ మాట ఎవరూ ఎత్తలేదు. అత్తమ్మకు ఈ ఏడు ఆ కష్టం కూడా ఎందుకని సుజన బజార్లో ప్లాస్టిక్ స్టార్ కొనుక్కొచ్చింది. దానికి లోపలే చిన్న బల్బులున్నాయి, రంగులు మారుస్తూ వెలుగుతుంది. మంచి మనసుతోనే తెచ్చింది పాపం. నందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గిది కొన్నది, మనది ఏది అని అడిగాడు. మంచం మీద ఆగయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. సుందరమ్మ అది చూసింది.

ఆ రోజంతా అన్నం వండుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆమె బుర్రలో ఒకటే ఆలోచన. ఆగయ్య దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ చేతిపని చెడగొడితే ఓర్చుకోలేడు. జోయెల్ ఒకసారి వెదురు అడ్డదిడ్డంగా చీల్చినందుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఇప్పుడు అతని ఎదురుగా కూర్చుని స్టార్‌ను నాశనం చేస్తే? కోపానికైనా నోరు తెరుస్తాడు కదా అనుకుంది. అనుకున్నదే తడవు శాలిబండ బస్సెక్కింది. సత్తార్ భాయ్ లేడు, దుకాణంలో ఆయన కొడుకు ఉన్నాడు. చాచా ఎలా ఉన్నారని ఉర్దూలో అడిగాడు. బాగున్నాడని చెప్పి, దుకాణం దిగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. అతను ఆగయ్యకు ఇష్టమైన పసుపు కాగితమే ఏరి ఇచ్చాడు.

పిల్లలకు ముందే చెప్పి పెట్టింది, తాత ముందర అంతా తప్పు చేయాలని. నందుకు ఏ శిక్షణా అవసరం లేకపోయింది. స్రవ్యే ఇబ్బంది పడింది. తప్పు ఎట్ల చేస్తరు నానమ్మా అని అడిగింది. బళ్లో ఫస్టు వచ్చే పిల్ల, ఎంత ప్రయత్నించినా చేతులు సరిగ్గానే పోతున్నాయి. మొత్తానికి ముగ్గురూ మంచం ముందు చాప పరిచి పనికి కూర్చున్నారు. పుల్లలు ఒకటి లావు, ఒకటి సన్నం. చుక్కకు ఒక కొమ్ము పొట్టి, ఇంకోటి వంకర. సుందరమ్మ దాన్ని పైకెత్తి, చూడు జోయెల్ బాపూ, మస్తుగ కుదిరింది గదా అని ఆగయ్య ముఖం ముందు ఆడించింది. ఆమె చూపంతా అతని పెదవుల మీదే ఉంది.

పెదవులు కదిలాయి. గొంతులో ఏదో పైకి లేచి కిందికి దిగింది. మెడ నరం ఉబ్బింది. మాట రాలేదు. కాసేపటికి అతని కంటి కొస నుంచి నీళ్లు కారి చెవి వైపు పోయాయి. నందు మంచమెక్కి లై అంటిన చేత్తోనే వాటిని తుడిచాడు.

సుందరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. పలకలేని మనిషిని పలకమని పొడిచినట్టయింది కదా అనుకుంది. ఆ వంకర చుక్కను విరిచి పక్కన పడేసి, మంచం పట్టె మీద కూర్చుంది.

“తప్పయింది” అంది. “కోపమొస్తె మాటొస్తదనుకున్న. ఇంకోసారి గట్ల చెయ్య. రేపు సక్కగ చేద్దం. నాకు రాదు, నువ్వు చూపియ్యి.”

ఆగయ్య బాగున్న ఎడమ చేత్తో చాప వైపు చూపించాడు, రేపటిదాకా ఎందుకన్నట్టు.

పని అలా మొదలైంది. సుజనా, జోయెల్ ఇంకా పనిలో ఉండగానే, పిల్లలు బడినుంచి రాగానే, మిద్దె మీద ఎండలో ఆగయ్య మంచం వేసి, దాని ముందు చాప పరిచేవాళ్లు. సుందరమ్మ పుల్లను కాలివేలి కింద పెట్టి, అతను ఎక్కడ చూపిస్తే అక్కడ కత్తి ఆనించేది. సరిగ్గా ఉంటే అతను కళ్లు మూసేవాడు, తప్పయితే మంచం పట్టె మీద కొట్టేవాడు. మొదట్లో పట్టె చప్పుడే ఎక్కువ వినిపించింది. ఆమె బొటనవేలు తెగింది, గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ కూర్చుంది. ఇన్నేళ్లూ ఈ మనిషి ఊరికే అరుస్తున్నాడనుకున్న, పని ఇంత నాజూకుదని తెలీదు అని స్రవ్యతో చెప్పింది. రెండు చుక్కలు ఒకే కొలతలో కట్టడం వాళ్ల వల్ల కాలేదు. ఒక్క చుక్కతోనే సరిపెట్టుకుందామంటే ఆగయ్య కళ్లు మూశాడు. బల్బు లోపల పెట్టడం కుదరదు కాబట్టి జోయెల్ తరవాత అంచుల వెంట సీరియల్ బల్బులు కడతానన్నాడు.

కాగితం అంటించే రోజున సుందరమ్మకు పెళ్లినాటి హుషారొచ్చింది. అది ఆమె సొంత విద్య. లై వేడిగా ఉండగానే వేలితో తీసి, పుల్ల మీద నుంచి కాగితాన్ని మడిచి, గోటితో ఒక్క గీత గీస్తే ముడత లేకుండా కూర్చునేది. ఆగయ్య కళ్లు మూస్తూనే ఉన్నాడు. నందు ఒక మూల కూర్చుని పాత నోటుపుస్తకాల కాగితాలతో ఒకదాన్లో ఒకటి గుచ్చిన గొలుసు చేస్తున్నాడు. అది పెరిగి పెరిగి వాడికంటే పొడుగైంది. దాన్ని స్టార్ కింద తోకలా అంటించాలన్నాడు. స్టార్‌కు గంత తోక ఉండదని స్రవ్య పేచీ పెట్టింది. ఇద్దరూ తాత వైపు తిరిగారు. తాత కొంచెం ఆలోచించి కళ్లు మూశాడు. నందు గెలిచాడు.

ఇక మిగిలింది దారం కట్టడం. అక్కడ సుందరమ్మ ఆగిపోయింది. ఆమె జీవితంలో చూసిన ముడి ఒక్కటే, ఆగయ్య పిల్లల పతంగులకు కట్టే కన్నెలు. కాగితానికి రెండుచోట్ల పొడిచి, పుల్ల చుట్టూ దారం తిప్పి, రెండు కొసలూ కలిపి బిగించింది. పైకెత్తి చూపించి, గిట్లనేనా అని అడిగింది. ఆగయ్య ఆ ముడిని చూశాడు, కింద వేలాడుతున్న తోకను చూశాడు, తలెత్తి పతంగులతో నిండిన ఆకాశాన్ని చూశాడు. బాగున్న వైపు పెదవి కొస మెల్లగా పైకి లేచింది. కళ్లు మూశాడు. వానాకాలం తరవాత అతను నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు చూసిన సంతోషంలో ఎందుకు నవ్వాడని ఆమె ఆలోచించనే లేదు.

స్రవ్య అటక మీద నుంచి తాత పాత చరఖా, పతంగి దారం చుట్టే కండె, దించుకొచ్చింది. దానికి చుట్టిన దారం మాంజా కాదు, మామూలు తెల్లదారం. స్టార్‌ను పైకి లాగడానికి అది చాలనుకుని దాని కొసను కన్నెలకు ముడేశారు. గుంజకు కట్టే ముందు వంకరేమైనా ఉందేమో ఒకసారి దూరం నుంచి చూద్దామని సుందరమ్మ దాన్ని రెండు చేతులా తలమీదికెత్తి పిట్టగోడ దగ్గర నిలబడింది. చరఖా పట్టుకుని నందు వెనక నిలబడ్డాడు.

స్టేషన్ వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. స్టార్ ఆమె చేతుల్లోంచి లాక్కున్నట్టుగా పైకి లేచింది. చరఖా గిర్రున తిరిగింది. ఇంకో ఊళ్లో పిల్లాడైతే భయపడి దారం పట్టేసుకునేవాడేమో. నందు దబీర్‌పురా పిల్లాడు, పైకి పోతున్నదానికి దారం వదలడమే వాడికి తెలుసు. ఢీల్ ఇస్తూనే పోయాడు. ఒకటే పొర, సన్నటి పుల్లలు, కుదిరిన కన్నెలు, పొడవాటి తోక. పసుపు రంగు క్రిస్మస్ స్టార్ తోకూపుకుంటూ కరెంటు తీగలు దాటి, రైలు పట్టాల మీదికి ఎక్కింది.

చుట్టుపక్కల మిద్దెల మీద ఆటలు ఆగిపోయాయి. పెద్దవాళ్లు కూడా లోపలి నుంచి బయటికొచ్చి వేళ్లతో చూపించుకున్నారు. గుంజు గుంజు అని స్రవ్య ఏడుపు గొంతుతో మొత్తుకుంది. సుందరమ్మ చెయ్యి చాచి దారం అందుకుంది. ఈలోగా పట్టాల అవతలి మిద్దె నుంచి లేచిన నల్ల పతంగి ఒకటి పక్కగా వచ్చింది. అది కావాలని వచ్చిందో, ఎగరేసేవాడికి ఆపడం చేతకాలేదో తెలియదు. మాంజా ముందు తెల్లదారం ఎంతసేపు ఆగుతుంది? దారం వదులై సుందరమ్మ చేతిలో వాలిపోయింది. స్టార్ ఊగుతూ, దిక్కు లేకుండా, అవతలికి పోసాగింది.

ఏ మిద్దె మీదా ఎవరూ అరవలేదు. పతంగి తెగితే ఏమనాలో అందరికీ తెలుసు. పండగ స్టార్ తెగితే ఆ మాట అనొచ్చో అనకూడదో ఎవరికీ తెలియలేదు. అందరూ సుందరమ్మ మిద్దె వైపు తిరిగారు.

“అఫా!”

కేక ఆమె వెనక నుంచి వచ్చింది. ముందు ఆమెకు పక్కింటి నుంచి అనిపించింది. తరవాత ఆ గొంతు ఎవరిదో ఒంటికి తెలిసింది, తలకు ఇంకా తెలియలేదు. వెనక్కి తిరిగింది. ఆగయ్య గోడను వదిలి మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గాలిలో ఉంది. ముఖం నెత్తురు పొంగి ఎర్రబడింది. నోరు మళ్లీ తెరిచాడు, మళ్లీ అదే మాట, ఇంకా పెద్దగా వచ్చింది. దాంతో అన్ని మిద్దెల మీదా అడ్డు తెగింది. పట్టాలకు ఇటూ అటూ పిల్లలూ పెద్దలూ ఒక్క గొంతుతో అరిచారు. నందు చరఖా పడేసి తాత మంచం మీద ఎగురుతున్నాడు. సుందరమ్మ ఉన్నచోటే చతికిలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆ స్టార్ ఇంకెక్కడికి పోతే ఏమిటి అనుకుంది. ఆ మధ్యాహ్నమంత సంతోషం పెళ్లిలో గానీ, కొడుకు పుట్టినప్పుడు గానీ తనకు కలగలేదని తరవాత రచనకు ఫోన్‌లో చెప్పింది.

సాయంత్రం పట్టాల అవతలి ఇంటి పిల్లలు ఒక కొమ్ము చిరిగిన స్టార్‌ను పట్టుకుని తలలు దించుకుని వచ్చారు. వాళ్ల దాదీ తిట్టి పంపిందట, పండగ సామాను తిరిగిచ్చి మాఫీ అడిగి రమ్మని. జోయెల్ తీసుకోబోయాడు. ఆగయ్య ఎడమ చేత్తో కొడుకును ఆపి, స్టార్‌ను పిల్లల వైపే నెట్టి, అఫా అన్నాడు, ఈసారి మెత్తగా. తెగినది పట్టుకున్నవాడిదే, మిద్దెల మీద చట్టం అది. పిల్లలకు అర్థమైంది. సుందరమ్మ గిన్నెలో మిగిలిన లైతో చిరిగిన కొమ్ము అతికించి ఇచ్చి పంపింది. పండగయ్యేదాకా పసుపు స్టార్ అవతలి మిద్దె మీద, వాళ్ల బల్బు వెలుగులో ఊగింది. ఈ మిద్దె మీద సుజన కొన్నది రంగులు మార్చుకుంటూ వెలిగింది. ఆగయ్య మంచాన్ని రెండూ కనపడేలా తిప్పి వేశారు.

డాక్టరు అది మంచిదే అన్నాడు, నెమ్మదిగా మిగతావీ రావచ్చన్నాడు. అంతవరకు ఆగయ్యకు ఉన్నది ఆ ఒక్క మాటే. ఆకలేసినా అఫా, నీళ్లు కావాలన్నా అఫా, నందు ముద్దొచ్చినా అఫా. ఏ అఫా దేనికో సుందరమ్మ గొంతును బట్టి పోల్చుకోవడం మొదలుపెట్టింది.

పండగ ముందు రోజు పొద్దుగూకే వేళ అయ్యగారు ప్రార్థనకు ఇంటికి వచ్చారు. అందరూ చాప మీద కూర్చున్నారు. ఆగయ్యను కుర్చీలో కూర్చోబెట్టి సుందరమ్మ పక్కన నిలబడింది. అయ్యగారు కళ్లు మూసుకుని, ఈ ఇంటిని కాచినందుకు స్తోత్రం చెప్పి, నెమ్మదిగా ముగించారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరి కన్నా ఒకడుగు వెనక, అందరి కన్నా రెండడుగులు పైన, ఆగయ్య అఫా అన్నాడు.

అయ్యగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. జోయెల్ తల దించుకున్నాడు. సుజన పిల్లల నవ్వు ఆపడానికి ఇద్దరి నోళ్లూ మూసింది. సుందరమ్మ చెయ్యి ఏళ్ల అలవాటు కొద్దీ అతని మోచేతి మీదికి పోయింది. గిల్లబోయి ఆగింది. ఆ మోచేతిని అరచేత్తో పట్టుకుని, వంగి అతని చెవిలో చెప్పింది.

“ఇంక గట్టిగ, జోయెల్ బాపూ.”

అతను ఇంకా గట్టిగా అన్నాడు. పక్కింట్లో లలితమ్మ చాయ్ నీళ్లు పెట్టింది.